సూరత్‌లో ఒక పాదిరీ ఇల్లు, ఢిల్లీలో ఒక బిల్లు

దేశ రాజధానిలో మతమార్పిడుల ప్రస్తావన వచ్చినప్పుడల్లా ఉభయపక్షాలవారూ తమ పాత వాదాలను దుమ్ము దులిపి బయటికి తీయడం ఆనవాయితీ. ఒకరు విదేశీ ధనమంటారు. మరొకరు రాజ్యాంగంలోని 25వ అధికరణమంటారు. రెండు మూడు రోజులు సభలో గందరగోళం జరుగుతుంది. ఆ తర్వాత ఎవరి దారిన వారు పోతారు. అయితే ఈ వివాదానికి మూలాలు వెతికితే అవి ఢిల్లీకి చాలా దూరాన, తపతీ నది ఒడ్డున ఉన్న సూరత్‌లోనూ దాని పరిసరాల్లోనూ కనిపిస్తాయంటే పాఠకులకు ఆశ్చర్యం కలగవచ్చు.

తెలంగాణ జిల్లాల నుంచి వలసపోయిన పద్మశాలీలు మరమగ్గాల మీద బతుకుతున్న ఊరుగా, చీరల నగరంగా సూరత్ మనకు తెలుసు. దానికి మరొక ముఖం ఉంది. గాంధీజీ ఉప్పు చట్టాన్ని ధిక్కరించిన దండి ఆనాటి సూరత్ జిల్లాలోనిదే. వల్లభ్‌భాయ్ పటేల్‌ను సర్దార్‌గా నిలబెట్టిన బార్డోలీ ఆ జిల్లాలోనిదే. కె.ఎం. మున్షీ పుట్టిన భరూచ్ ఆ పక్కనే ఉంది. మొరార్జీ దేశాయ్‌ను 1957 నుంచి 1977 వరకు అయిదుసార్లు లోక్‌సభకు పంపినది సూరత్ నియోజకవర్గమే. కాథలిక్కుల సేవకూ మతప్రచారానికీ మధ్య గీత ఎక్కడ గీయాలన్న ప్రశ్నను ఈ నలుగురూ తమతమ కాలాల్లో ఎదుర్కొన్నారు. విశేషమేమంటే 2011 జనగణన ప్రకారం గుజరాత్ జనాభాలో కాథలిక్కులు, ప్రొటెస్టెంట్లు అందరూ కలిసినా క్రైస్తవులు 0.52 శాతమే. ఇంత కొద్దిమంది ఇంత పెద్ద వాదానికి ఎందుకు కేంద్రమయ్యారో తెలియాలంటే చరిత్రలోకి కొంత వెనక్కి వెళ్లక తప్పదు.

ఓడ నేరానికి చర్చికి శిక్ష

సూరత్ చౌక్ బజారు పక్కన నది మీదికి చూస్తూ ఒక కోట ఉంది. దాని లావుపాటి బురుజులను చూస్తున్నప్పుడు నాకు మొదట తట్టిన విషయం, ఇది ఏ మొగలు సేనకో భయపడి కట్టినది కాదని. 1530లో పోర్చుగీసులు సూరత్‌ను తగలబెట్టారు. అటువంటి దాడులను తట్టుకోవడానికే గుజరాత్ సుల్తాను మూడవ మహమూద్ షా కాలంలో, 1540లలో, ఈ కోట లేచింది. ఈ తీరవాసులకు కాథలిక్ మతంతో తొలి పరిచయం శిలువతోపాటు ఫిరంగినీ మోసుకొచ్చిన నావికుల ద్వారా జరిగిందన్నది మరువరాని సత్యం.

అక్బరు కాలం నుంచీ జెసూట్ ఫాదరీలకు మొగలు దర్బారులో మంచి ఆదరణ ఉండేది. 1613లో ఒక్క సంఘటనతో అది తలకిందులైంది. హజ్ యాత్రికులను మోసే 'రహీమీ' అనే పెద్ద ఓడను సూరత్ సమీపాన పోర్చుగీసులు పట్టుకున్నారు. ఆ ఓడ ఎవరిదో కాదు, జహంగీరు తల్లి మరియం ఉజ్ జమానీది. అంబరు రాజపుత్రుల ఆడపడుచు అయిన ఆమె ఓడ మక్కా యాత్రికులను మోయడం, దాన్ని క్రైస్తవులు పట్టుకోవడం ఆనాటి మన సమాజం ఎంత సంక్లిష్టమైనదో చెబుతాయి. ఆగ్రహించిన జహంగీరు ఆగ్రాలోని జెసూట్ల చర్చిని మూయించాడు, వారికిచ్చే భత్యాన్ని నిలిపివేశాడు, డామన్ మీదికి సేనను పంపాడు. ఓడను పట్టుకున్నది నావికులు. శిక్ష పడినది ఫాదరీలకు. మతాన్నీ పరాయి ప్రభుత్వాన్నీ ఒకే గాటన కట్టే అలవాటు మనకు నిన్న మొన్నటిది కాదు. అది పూర్తిగా నిష్కారణమైనదీ కాదు.

దోపిడీలో మిగిలిన రెండు ఇళ్లు

ఇదే సూరత్‌లో కాథలిక్కుల మరొక ముఖం కూడా జనానికి తెలిసింది. పదిహేడవ శతాబ్దపు మధ్యకాలంలో ఫ్రెంచి కపూచిన్ సన్యాసులు ఇక్కడ ఒక మఠం నెలకొల్పారు. వారి పెద్ద ఫాదర్ ఆంబ్రోజ్. 1664 జనవరిలో శివాజీ సూరత్‌ను కొల్లగొట్టినప్పుడు నగరంలోని సంపన్నుల భవనాలు బూడిదయ్యాయి. కపూచిన్ పాదిరీ నివాసాన్ని మాత్రం శివాజీ ముట్టుకోలేదని, ఈ ఫాదరీలు మంచివారని భావించాడని ఆ కాలంలో మొగలు రాజ్యంలో ఉన్న ఫ్రెంచి వైద్యుడు బెర్నియర్ రాశాడు.

ఈ కథను క్రైస్తవ రచయితలు తరచు చెబుతారు. అయితే దాని రెండవ సగాన్ని చెప్పేవారు తక్కువ. డచ్చి కంపెనీకి దళారీగా పనిచేసి అప్పటికే మరణించిన ఒక హిందూ వర్తకుడి ఇంటిని కూడా శివాజీ విడిచిపెట్టాడని బెర్నియరే చెప్పాడు. ఆ వర్తకుడు బతికి ఉన్నంత కాలం గొప్ప దాతగా పేరు తెచ్చుకున్నాడట. అంటే ఆ దోపిడీలో రక్షణ పొందిన రెండు ఇళ్లలో ఒకటి కాథలిక్ సన్యాసిది, మరొకటి హిందూ దాతది. పరీక్ష మతం కాదు, నడవడి. ఈ పరీక్షను చట్టంగా రాయడం సాధ్యమా అన్నదే ఆ తర్వాత మూడు శతాబ్దాలకు ఢిల్లీ ముందుకు వచ్చిన ప్రశ్న.

ఒక్క మాట కోసం

మిషనరీల ఆసుపత్రులనూ పాఠశాలలనూ గాంధీజీ మెచ్చుకున్నారు. కాని అన్నం పెట్టి, మందు ఇచ్చి, బదులుగా మతం అడగడాన్ని 1930లలో 'హరిజన్' పత్రికలో పదేపదే నిరసించారు. సేవకు ప్రతిఫలం కోరితే అది సేవ కాదని ఆయన వాదం. కాథలిక్కుల సమాధానం వేరు. సువార్త చెప్పడం తమ మతధర్మంలో అంతర్భాగమని, దాన్ని విడదీస్తే తమ మతమే మిగలదని వారన్నారు.

ఈ రెండు వాదాలూ 1947లో సర్దార్ పటేల్ అధ్యక్షతన ఉన్న రాజ్యాంగ సభ సలహా సంఘానికి చేరాయి. మద్రాసుకు చెందిన కాథలిక్ విద్యావేత్త ఎం. రత్నస్వామి క్రైస్తవం, ఇస్లాం స్వభావరీత్యా ప్రచార మతాలని, వాటికి ఆ అవకాశం ఉండాలని మైనారిటీల ఉపసంఘంలో వాదించారు. బలవంతపు మతమార్పిడులను నిషేధించే నిబంధనను రాజ్యాంగంలోనే చేర్చాలని మున్షీ పట్టుపట్టారు. అది అందరికీ తెలిసిన న్యాయసూత్రమే కనుక ప్రాథమిక హక్కుల్లో ప్రత్యేకించి చెప్పనక్కరలేదని 1947 ఆగస్టు చివర పటేల్ తేల్చారు.

ఈ వ్యాసం రాసే ముందు 1948 డిసెంబరు 6 నాటి రాజ్యాంగ సభ చర్చలను మరొకసారి తిరగేశాను. 'ప్రచారం' అనే మాటను తొలగించాలని లోక్‌నాథ్ మిశ్రా తీవ్రంగా వాదించారు. దాన్ని నిలపాలని వాదించిన వారిలో మున్షీ ముఖ్యులు! అది మైనారిటీలతో కుదిరిన రాజీ అని, క్రైస్తవులు దానికి ప్రాణసమానమైన విలువ ఇస్తున్నారని, ప్రత్యేక నియోజకవర్గాలు పోయాయి కనుక సంఖ్య పెంచుకున్నంత మాత్రాన ఇక ఎవరికీ రాజకీయ లాభం రాదని ఆయన భరోసా ఇచ్చారు. తర్వాతి కాలంలో సోమనాథ ఆలయ పునర్నిర్మాణంతో పేరు ముడిపడిన నాయకుడు ఈ మాటకు అండగా నిలిచారన్నది నేటి వాదులు ఉభయులూ గుర్తుంచుకోవలసిన విషయం.

మొరార్జీ, మదర్ థెరిసా

ఆ రాజీ మూడు దశాబ్దాలు కూడా నిలువలేదు. 1967లో ఒరిస్సా, 1968లో మధ్యప్రదేశ్ మతమార్పిడులపై చట్టాలు చేశాయి. కాథలిక్ ఫాదర్ స్టానిస్లాస్ వేసిన కేసులో 1977 జనవరిలో ప్రధాన న్యాయమూర్తి ఎ.ఎన్. రే నాయకత్వంలోని అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం తీర్పు ఇచ్చింది. తన మత సిద్ధాంతాలను వివరించి వ్యాపింపజేసే హక్కు ఉంది గాని, ఇతరులను మార్చే హక్కు లేదని దాని సారాంశం.

మరుసటి ఏడాదే, 1978 డిసెంబరులో, జనతా పార్టీ సభ్యుడు ఓ.పి. త్యాగి ఇటువంటి చట్టాన్ని దేశమంతటికీ వర్తింపజేస్తూ లోక్‌సభలో అనధికార బిల్లు ప్రవేశపెట్టారు. ప్రధాని సూరత్ ప్రతినిధి మొరార్జీ. నియమనిష్ఠలకు, మద్యనిషేధ దీక్షకు ఆయన పెట్టింది పేరు. ఇక్కడ ఒక చిన్న సంగతి చెప్పాలి. ఆయన మంత్రిగా ఉన్న ప్రభుత్వం తెచ్చిన 1949 నాటి బొంబాయి మద్యనిషేధ చట్టంలో మతసంబంధమైన ఆరాధన కోసం ద్రాక్షారసం వాడుకోవడానికి అనుమతి ఇచ్చే నిబంధన ఉంది. దివ్యబలిపూజకు ఒక్క గిన్నెడు ద్రాక్షారసం అవసరమని గుర్తించగలిగిన రాజ్యం, ఆ పూజలో చేరదలచిన మనిషి విషయంలో మాత్రం అంత సులభంగా నిర్ణయానికి రాలేకపోయింది.

బిల్లును వ్యతిరేకిస్తూ క్రైస్తవులు వీధుల్లోకి వచ్చారు. 1979లో మదర్ థెరిసా ప్రధానికి బహిరంగ లేఖ రాశారు. మనస్సాక్షి మీద ప్రభుత్వానికి అధికారం లేదన్నది ఆమె అభ్యంతరం. ఆ ఏడాది జూలైలో మొరార్జీ ప్రభుత్వం పడిపోయింది. బిల్లు కూడా మురిగిపోయింది. వాదం మాత్రం మురిగిపోలేదు.

డాంగ్స్ అడవుల్లో

సూరత్‌కు ఆగ్నేయాన సహ్యాద్రి కొండల్లో డాంగ్స్ జిల్లా ఉంది. జనాభాలో అత్యధికులు గిరిజనులు. 1998 క్రిస్మసు రోజున ఆహ్వాలో ఊరేగింపు జరిగింది. కాథలిక్ కన్యస్త్రీలు నడిపే దీప్ దర్శన్ పాఠశాల మీద దాడి జరిగింది. తర్వాతి రోజుల్లో పల్లెల్లోని ప్రార్థనా మందిరాలు అనేకం తగలబడ్డాయి. వాటిలో పలు శాఖల క్రైస్తవులవీ ఉన్నాయి. 1999 జనవరిలో ప్రధాని వాజ్‌పేయి అక్కడికి వెళ్లి హింసను ఖండించారు. అదే నోట మతమార్పిడులపై జాతీయ స్థాయిలో చర్చ జరగాలన్నారు. ఇళ్లు కాలినవారి ముందు నిలబడి, కాల్చినవారి ఫిర్యాదును చర్చకు పెట్టడమేమిటని విమర్శకులు అడిగారు. ఆ ప్రశ్న న్యాయమైనదే.

కాథలిక్ నాయకత్వం కూడా విమర్శకు అతీతం కాదు. ఆ ఏడాది నవంబరులో రెండవ జాన్ పాల్ పోపు ఢిల్లీకి వచ్చి, మూడవ సహస్రాబ్దిలో ఆసియాలో విశ్వాసపు పంట విస్తారంగా కోతకు రావాలని ఆకాంక్షించారు. దీపావళి నాడు జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియంలో పూజ చేశారు. బలవంతంగాను, ప్రలోభపెట్టిగాను ఎవరినీ మతంలో చేర్చరాదని 1965లో రెండవ వాటికన్ మహాసభ స్పష్టంగా ప్రకటించిన సంగతి నిజమే. అయినా కోత, పంట అనే మాటలు 'రహీమీ' ఓడనూ గోవానూ మరువని దేశంలో ఎలా వినిపిస్తాయో ఆలోచించవలసిన బాధ్యత రోముకు ఉంది.

ఇదే గుజరాత్‌లో వేరే మార్గం చూపినవారు లేకపోలేదు. స్పెయిన్‌లో పుట్టిన జెసూట్ ఫాదర్ వాలెస్ అహ్మదాబాద్ సెంట్ జేవియర్స్ కళాశాలలో గణితం బోధిస్తూ, గుజరాతీలో రచనలు చేస్తూ, పదేళ్లపాటు సామాన్యుల ఇళ్లలో అతిథిగా బతికారు. 1978లో గుజరాతీ సాహితీలోకం ఆయనకు రంజిత్‌రామ్ సువర్ణ చంద్రకం ఇచ్చి గౌరవించింది. ఆయన ప్రభావాన్ని జ్ఞానస్నానాల లెక్కతో కొలిచినవారు లేరు.

ఎవరిని అడగాలి?

2003లో గుజరాత్ చేసిన చట్టం ప్రకారం ఎవరినైనా మతంలోకి తీసుకునే వ్యక్తి ముందుగా జిల్లా మేజిస్ట్రేటు అనుమతి పొందాలి. దైవాగ్రహం కలుగుతుందని చెప్పడం కూడా 'బలప్రయోగం' కిందికి వస్తుంది. 2021లో చేసిన సవరణతో మెరుగైన జీవితం, దైవాశీస్సులు లభిస్తాయనడమూ 'ప్రలోభం' అయింది. ఈ లెక్కన హరికథా భాగవతారు నుంచి చర్చి ఫాదరు వరకు నేరస్థుడు కాని మతబోధకుడు ఎవరైనా మిగులుతాడా? మతాంతర వివాహాల సందర్భంలో ఆ చట్టంలోని కీలక విభాగాల అమలును అదే ఏడాది ఆగస్టులో గుజరాత్ హైకోర్టు నిలిపివేసింది; వివాదం సుప్రీంకోర్టుకు ఎక్కింది.

నన్ను ఎక్కువగా కలవరపెట్టినది మరొక అంశం. 2003 చట్టంలో మామూలుగా మూడేళ్లున్న శిక్ష, మారిన వ్యక్తి స్త్రీ అయినా, దళితుడైనా, గిరిజనుడైనా నాలుగేళ్లవుతుంది. పైకి ఇది రక్షణలా కనిపిస్తుంది. లోతుగా చూస్తే, వీరికి సొంత బుద్ధి తక్కువ, ఎవరో ఒకరు మార్చితే మారిపోతారన్న భావన చట్టంలోనే గూడు కట్టుకున్నట్లు తెలుస్తుంది. పసిపిల్లలకు వర్తించే నిబంధనే వీరికీ వర్తించడం గమనార్హం. చర్చి నివేదికల్లో వీరు లెక్కల్లోని అంకెలు. ప్రతిపక్షుల ఉపన్యాసాల్లో మోసపోయిన అమాయకులు. తనంతట తాను ఆలోచించి మతం మార్చుకున్న, లేదా మారకూడదని నిశ్చయించుకున్న డాంగ్స్ రైతు ఈ రెండు చోట్లా కనిపించడు.

ఇది మనకు సంబంధం లేని గుజరాతీ వ్యవహారమని తెలుగువారు అనుకోవడానికి వీలులేదు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు కారణంగా క్రైస్తవం స్వీకరించిన మాల మాదిగలు షెడ్యూల్డు కులాల హోదా కోల్పోతున్నారు. గిరిజనులకు ఆ నష్టం లేదు. అందుకే అక్కడ మతం మారిన గిరిజనుల హోదా తీసివేయాలన్న డిమాండు, ఇక్కడ దళిత క్రైస్తవులకు హోదా ఇవ్వాలన్న డిమాండు సాగుతున్నాయి. చర్చిలోకి వెళ్లినా కులం వెంట వస్తున్నదన్న చేదు నిజాన్ని కాథలిక్ పెద్దలు కూడా కాదనలేరు. హైదరాబాద్ ఆర్చిబిషప్ పూల ఆంథోనీ 2022లో కార్డినల్ అయినప్పుడు, ఆ పదవి దళితుడికి దక్కడం అదే మొదటిసారి. కడప, గుంటూరు సీమల్లో తెలుగు కాథలిక్కుల చరిత్ర మూడు వందల ఏళ్లదని గుర్తుంటే ఆ ఆలస్యం ఎంతటిదో అర్థమవుతుంది.

బలవంతం, మోసం ఎవరు చేసినా శిక్షించడానికి సాధారణ చట్టాలు చాలునని 1947లో పటేల్ అన్న మాట నేటికీ సబబైనదేనని నా అభిప్రాయం. మనిషి మనస్సాక్షి కలెక్టరు కార్యాలయంలో దరఖాస్తుగా మారడం వల్ల మోసగాడికి కలిగే ఇబ్బంది తక్కువ. పేరు నమోదై, ఊరందరి కంటా పడే పేదవాడికి కలిగే భయం ఎక్కువ. మళ్లీ ఎప్పుడైనా ఢిల్లీలో జాతీయ చర్చ జరిపితే, ఫాదరీలనూ స్వాములనూ పిలిచే ముందు ఆహ్వా నుంచి నలుగురు గిరిజన స్త్రీలను పిలిచి వారి మాట వినడం మంచిది. ఇన్నేళ్ల వాదోపవాదాల్లో ఇప్పటివరకు సాక్ష్యం చెప్పనిది వారే.