కోడిపిల్ల కొనే ముందు తల్లికోడిని చూడండి

మోటారు సైకిల్ వెనక వెడల్పాటి వెదురు గంపలు కట్టుకుని, ఎండెక్కక ముందే వీధుల్లోకి వస్తారు కోడిపిల్లలు అమ్మేవాళ్లు. గంపలో గులాబీ, పచ్చ, నీలం రంగుల పిల్లలు కిచకిచలాడుతుంటాయి. ఇంట్లో చిన్నవాళ్లు మారాం చేస్తారు, పెద్దవాళ్లు నాలుగు కొనిస్తారు. వారం తిరక్కుండానే మూడు చచ్చిపోతాయి, నాలుగోది పిల్లి పాలవుతుంది. 'మాకు కోళ్లు అచ్చిరావు' అనే మాట చాలా ఇళ్లలో ఇలాగే పుడుతుంది.

ఆ ఇంటివాళ్ల తప్పు ఇందులో తక్కువ. రంగులద్దిన ఆ పిల్లలు ఎక్కువగా గుడ్ల జాతి మగపిల్లలు. గుడ్ల ఫారాలకు పెట్టలే కావాలి కాబట్టి, హేచరీలో పుట్టిన రోజునే ఆడామగా వేరుచేస్తారు. ఆ జాతి మగపిల్ల గుడ్డు పెట్టదు, బ్రాయిలర్‌లా కండా పట్టదు. ఫారానికి పనికిరాదు కనుక కారుచౌకగా బయటికొస్తుంది. రంగునీళ్లలో తడిసి, ఎండలో ఊరూరూ తిరిగి, వెచ్చదనమూ నీళ్లూ లేక సగం ప్రాణంతో మన చేతికొస్తుంది. దాన్ని కొనడమంటే ఆ వ్యాపారాన్ని నిలబెట్టడమే. దయచేసి కొనకండి.

పెరట్లో కోళ్లు పెంచుకోవాలన్న కోరిక మాత్రం చాలా మంచిది. కాస్త ఖాళీ స్థలమున్న ఇంటికి కోడి ఇచ్చేది గుడ్డొక్కటే కాదు. వంటింటి వ్యర్థాలు తినిపెడుతుంది, పురుగుల్ని ఏరుతుంది, మొక్కలకు ఎరువిస్తుంది. అయితే కొనాలనుకున్న ప్రతివాళ్లూ మొట్టమొదట 'ఏ జాతి మంచిది' అని అడుగుతారు. అంతకంటే ముందు తేల్చుకోవాల్సింది, పిల్లకు మొదటి నెల తల్లి పని ఎవరు చేస్తారన్నది.

నాటు పెట్ట పిల్లల్ని సాకడం ఎప్పుడైనా తీరిగ్గా గమనించండి. 21 రోజులు గుడ్ల మీద కూర్చుంటుంది. మేతకూ నీళ్లకూ కాసేపు లేచి, పరుగున వచ్చి మళ్లీ కూర్చుంటుంది. గుడ్లను ముక్కుతో అటూఇటూ తిప్పుతుంది. పిల్ల బయటికి రాబోయే ముందు గుడ్డులో మిగిలిన పచ్చసొన దాని కడుపులోకి చేరిపోతుంది. ఆ బలంతో పిల్ల రెండు మూడు రోజులు మేత లేకపోయినా ఉండగలదు. ముందు పుట్టినవి వెనక పుట్టేవాటి కోసం తల్లి రెక్కల కిందే ఆగడానికి ఇది వీలు. ఒక్కరోజు పిల్లల్ని అట్టపెట్టెల్లో సర్ది దూరపు ఊళ్లకు పంపగలుగుతున్నదీ దీనివల్లే.

తర్వాతే అసలు పని. పుట్టిన పిల్ల ఒంటిమీద నూగు తప్ప ఈకలుండవు. తన వేడిని తాను నిలుపుకోలేదు. అందుకే నాలుగడుగులు తిరగడం, చలేయగానే తల్లి రెక్కల కిందికి దూరడం. ఏది తినాలో తల్లి నేల గీరి, ముక్కుతో పొడిచి, 'కొక్ కొక్' మని పిలిచి చూపిస్తుంది. పైన గద్ద నీడ కనిపిస్తే దాని గొంతు మారుతుంది. ఆ ఒక్క కేకతో పిల్లలన్నీ చెట్టుకొకటి పుట్టకొకటి దాక్కుంటాయి. వాన పడితే గొడుగూ అదే, కాకి వస్తే కాపలా అదే.

హేచరీ పిల్లకు ఈ తల్లి లేదు. ఒక్కరోజు పిల్లను కొన్నవాళ్లు ఆ ఉద్యోగంలో చేరినట్టే.

మొదటి బాధ్యత వెచ్చదనం. తొలి వారం పిల్లలున్న చోట దాదాపు 35 డిగ్రీల వేడి ఉండాలి. వారానికి మూడు డిగ్రీల చొప్పున తగ్గిస్తూ పోవచ్చు. లోతైన అట్టపెట్టెలో గానీ, గుండ్రంగా నిలబెట్టిన అట్టల మధ్య గానీ వరి ఊక పరిచి, పైన బల్బు వేలాడదీస్తారు. పిల్లకు రెండు వాట్ల చొప్పున లెక్క, ఇరవై పిల్లలకు 40 వాట్ల బల్బు. ఇక్కడే చాలామంది దెబ్బతింటున్నారు. ఇప్పుడు ఇళ్లలో ఉన్నవన్నీ ఎల్‌ఈడీ బల్బులు. అవి వెలుగిస్తాయి గానీ వేడినివ్వవు. లోపల తీగ కాలే పాతరకం బల్బును వెతికి తెచ్చుకోవాల్సిందే. కరెంటు పోయే ఊళ్లలో బొగ్గుల కుంపటి పెడతారు. తలుపులన్నీ మూసిన గదిలో కుంపటి పిల్లల ప్రాణానికే కాదు, మనుషుల ప్రాణానికీ ముప్పు.

థర్మామీటరు లేకపోయినా ఫరవాలేదు, పిల్లలే చెబుతాయి. బల్బు కింద ఒకదానిమీదొకటి ఎక్కి అరుస్తుంటే వేడి సరిపోవడం లేదని. అంచులకు పోయి నోళ్లు తెరిచి రొప్పుతుంటే వేడెక్కువైందని. పెట్టె నిండా పరచుకుని తింటూ పడుకుంటూ ఉంటే అంతా బాగున్నట్టు. ఒకే మూలకు చేరితే ఎదుటి వైపు నుంచి గాలి కొడుతోందని తెలుసుకోవాలి. అర్ధరాత్రి ఒకసారి లేచి ఇది చూడగలిగే మనిషి ఇంట్లో ఉన్నారా? లేకపోతే ఒక్కరోజు పిల్లలు మీకు తగవు.

పిల్లలు ఇంటికి రాగానే ముందు నీళ్లు, తర్వాతే మేత. ప్రయాణపు బడలిక తీరడానికి నీళ్లలో కాస్త బెల్లమో గ్లూకోజో కలిపి, ఒక్కో పిల్ల ముక్కును మెల్లగా ముంచితే తాగడం నేర్చుకుంటుంది. గిన్నె లోతుగా ఉంటే అందులో పడి చచ్చిపోతాయి కాబట్టి గులకరాళ్లు వేయాలి. తొలిరోజు కాగితం మీద చల్లిన మొక్కజొన్న రవ్వ, నూకలు చాలు. ఆ తర్వాత మాత్రం 20 శాతం మాంసకృత్తులుండే పిల్లల దాణా పెట్టాలి. ఒట్టి నూకలతో పెరిగిన పిల్ల గిడసబారిపోతుంది. వెనకటి రోజుల్లో తడిపిన పేడా గడ్డీ కూరిన కుండను బోర్లించి, చెదలు పట్టించి, వాటిని పిల్లల ముందు దులిపేవారు. పిల్లలకు మాంసకృత్తులు అలా అందేవి.

ఊక తడవకూడదు. తడి ఊకలో పెరిగే క్రిమి పేగుల్ని పుండు చేస్తుంది. రెట్టలో రక్తం కనపడిందంటే అదే, ఆ రోజే పశువైద్యుడి దగ్గరికి వెళ్లాలి.

తల్లికోడి సైతం చేయలేని పని ఒకటుంది, టీకాలు. కొక్కెర తెగులు వచ్చిందంటే వారం లోపల పెరడు ఖాళీ అవుతుంది. మన దేశంలో దానికి ఉత్తరాఖండ్‌లోని రాణీఖేత్ ఊరి పేరే పెట్టారు. మన పల్లెల్లో నాటుకోళ్లను ఊళ్లకు ఊళ్లు ఊడ్చిపెట్టేది ఎక్కువగా అదే. వచ్చాక మందు లేదు. మొదటి వారంలో కంట్లో కొక్కెర తెగులు టీకా లసోటా చుక్క, రెండో వారంలో గంబోరో టీకా, నాలుగో వారంలో మళ్లీ లసోటా, ఆరో వారం ప్రాంతంలో మశూచి టీకా, ఎనిమిదో వారంలో కొక్కెర తెగులుకే మరో ఇంజెక్షన్. వీటన్నిటికంటే ముందు వేయాల్సిన మారెక్స్ టీకా హేచరీలోనే తొలిరోజు పడాలి. కొనేటప్పుడు అది పడిందో లేదో తప్పకుండా అడగండి.

చిక్కేమిటంటే ఈ టీకా సీసాలు వందా అంతకు మించిన కోళ్లకు సరిపోయే లెక్కన వస్తాయి. చల్లగా ఉంచాలి, కలిపిన రెండు గంటల్లోపే వాడేయాలి. పది పిల్లల కోసం ఇంత తంటా ఎవరు పడతారు? చాలామంది మానేస్తారు, కోళ్లు పోతాయి. అందుకే కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు నా సలహా ఒకటే. ఒక్కరోజు పిల్లల్ని కొనకండి, నాలుగు నుంచి ఆరు వారాలు పెరిగిన పిల్లల్ని కొనండి. వాటిని అంతవరకు సాకి అమ్మే పెంపకందారులున్నారు. ప్రభుత్వ పథకాల్లో 'మదర్ యూనిట్లు' అని పిలిచేది వీళ్ల కేంద్రాలనే. ధర ఎక్కువే. ఆ ఎక్కువ డబ్బుతో మీరు కొంటున్నది ఈకలొచ్చిన ఒళ్లు, కొన్ని టీకాలు, గండం గడిచిన ప్రాణం.

ఇక జాతి. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంచాలనాలయం పెరటి పెంపకం కోసమే వనరాజా, గ్రామప్రియ, శ్రీనిధి రకాల్ని తయారుచేసింది. పెరట్లో నాటు పెట్ట ఏడాదికి యాభై అరవై గుడ్లు పెడితే, వనరాజా వంద దాకా, గ్రామప్రియ నూట అరవైకి పైగా పెడుతుంది. గుడ్ల కోసమైతే గ్రామప్రియ, గుడ్డూ మాంసమూ రెండూ కావాలంటే వనరాజా. కాకపోతే వనరాజా ఒళ్లు బరువు, కుక్క తరిమితే నాటుకోడిలా ఎగిరి గోడెక్కలేదు. ఇంకో సంగతి, ఈ రకాల పెట్టలు సాధారణంగా పొదగవు. అవి సంకర రకాలు కనుక, వాటి గుడ్లను వేరే పెట్ట కింద పెట్టి పొదిగించినా పుట్టిన పిల్లలకు తల్లి గుణాలు పూర్తిగా రావు. ఎప్పటికప్పుడు కొత్త పిల్లల్ని తెచ్చుకోవాల్సిందే.

పెరట్లో తనంతట తానే సంతతి పెంచుకునే కోడి కావాలంటే నాటు పెట్టే శరణ్యం. మన అసీల్ జాతిని లోకమంతా పందెం పుంజుగానే గుర్తుపెట్టుకుంది. డేగ, నెమలి, కాకి అంటూ పుంజు రంగుల మీద పుంఖానుపుంఖాలుగా మాట్లాడతారు. ఆ జాతి పెట్ట పిల్లల్ని ఎంత గొప్పగా సాకుతుందో చెప్పేవాళ్లు తక్కువ. కత్తి కట్టిన పుంజుకు దక్కిన పేరు ఆ తల్లికి దక్కకపోవడం నాకు బాధగానే ఉంటుంది. ఒక పని మాత్రం చేయవచ్చు. నాటు పెట్ట పొదుగుకొచ్చినప్పుడు హేచరీ నుంచి గ్రామప్రియ రకం పొదిగించే గుడ్లు తెచ్చి దాని కింద పెడితే, మొదటి నెల బల్బూ కుంపటీ అక్కర్లేదు.

లెక్క కూడా చూద్దాం. మనిషి ఏడాదికి 180 గుడ్లు తినడం మంచిదని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ సిఫార్సు. నలుగురున్న ఇంటికి 720. ఐదు గ్రామప్రియ పెట్టలు చాలు. కానీ విడివిడిగా ఆడపిల్లలే కావాలంటే దొరకడం కష్టం. కలిపి అమ్ముతారు, సుమారుగా సగం పుంజులే. పోయేవి పోగా ఐదు పెట్టలు మిగలాలంటే డజను పైగా కొనాలి. ఆ ఐదారు పుంజుల్ని ఏం చేస్తారు? కోసుకుంటారా, అమ్ముతారా? గుడ్డు తిని మాంసం ముట్టని ఇళ్లలో ఈ ప్రశ్న ఎనిమిదో వారంలో, తురాయిలు ఎర్రబడ్డాక ఎదురవుతుంది. అప్పటికి పిల్లలు వాటికి పేర్లు కూడా పెట్టేసి ఉంటారు. గుడ్డు పెట్టడానికి పుంజు అవసరమే లేదు, పిల్లలు కావాలంటేనే కావాలి. తెల్లవారుజామున పుంజు కూతకు పక్కింటివాళ్లు ఏమంటారో కూడా ముందే అడిగి పెట్టుకోవడం మేలు.

చవగ్గా గుడ్లొస్తాయన్న ఆశతో అయితే దిగకండి. పెద్ద పెట్ట రోజుకు సుమారు 110 గ్రాములు తింటుంది, ఏడాదికి 40 కిలోలు. ఫారం కోడి అదే మేతతో మూడొందలకు పైగా గుడ్లు పెడుతుంది, అంటే గుడ్డుకు సుమారు 130 గ్రాములు. మీ గ్రామప్రియ 170 పెడితే గుడ్డుకు 235 గ్రాములు. దాణా అంతా కొట్లో కొంటే ఇంటి గుడ్డు బజారు గుడ్డుకంటే ఖరీదే. కోడి బయట తిరిగి పురుగులూ ఆకులూ రాలిన గింజలూ ఏరుకోగలిగితేనే లెక్క కుదురుతుంది. అందుకే తిరగడానికి నేల లేని ఇంటికి, డాబా మీది బోనుకు నేను కోళ్లను సిఫార్సు చేయను.

నెల దాటిన పిల్లలకు ప్రధాన శత్రువు రాత్రి. పిల్లి, కుక్క, పాము, పందికొక్కు ఎక్కువగా ఆ వేళే వస్తాయి. పక్షికి రెండు చదరపు అడుగుల చొప్పున గూడు, పడుకోవడానికి దండెం, సన్నకంతల ఇనుప జాలీ, గట్టి గడియ కావాలి. వెడల్పు కంతల జాలీ కోడిని ఆపుతుందే గాని ముంగిసను ఆపదు. పొద్దుగూకగానే కోళ్లు వాటంతటవే గూటికి చేరతాయి. తలుపు మూయాల్సింది మాత్రం మనిషే, ప్రతి సాయంత్రమూ. పండక్కి ఊరెళ్తే ఎవరు మూస్తారో కూడా తేల్చుకున్నాకే పిల్లల మాట.

రోగాల సంగతీ మరవకూడదు. 2025 ఫిబ్రవరిలో ఉభయ గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ బయటపడింది. తెగులు నిర్ధారణైన చోట కిలోమీటరు లోపలి కోళ్లన్నిటినీ చంపి పూడ్చడం నిబంధన, పెరటి కోళ్లకు మినహాయింపు లేదు. ఒకేసారి నాలుగైదు చనిపోతే కోసుకు తినకండి, కాలవలో పారేయకండి, పశువైద్యశాలకు చెప్పండి. సంతలో కొన్న కోడిని రెండు మూడు వారాలు విడిగా ఉంచాకే మందలో కలపండి. పిల్లల్ని ముట్టుకున్న చిన్నారుల చేత చేతులు సబ్బుతో కడిగించండి, ముద్దులు పెట్టనివ్వకండి.

కొనడానికి మన దగ్గర మంచి కాలం వానలు తగ్గాక, మాఘం లోపల. మే ఎండలో ప్రయాణమే పిల్లల్ని చంపుతుంది. రాజేంద్రనగర్ సంస్థలో, కృషి విజ్ఞాన కేంద్రాల్లో ముందే అడిగి చెప్పిపెట్టుకోవాలి. తీసుకునేటప్పుడు ఒక్కో పిల్లనూ చేతిలోకి తీసుకుని చూడండి. కళ్లు మెరుస్తూ, నూగు పొడిగా, కాళ్లమీద గట్టిగా నిలబడాలి. బొడ్డు మూసుకుని ఉండాలి, అక్కడ తడిగానీ వాపుగానీ ఉంటే వద్దు. వెనక రెట్ట అంటుకున్నదీ వద్దు. పొద్దున్నే, గాలి ఆడే పెట్టెలో తీసుకురండి, కారు డిక్కీలో పెట్టకండి.

గూడు పూర్తయి గడియ బిగించేదాకా పిల్లల్ని తేకండి. ఈలోగా దగ్గరి పశువైద్యశాలకు ఒకసారి వెళ్లి, కొక్కెర తెగులు టీకా ఎప్పుడు వేస్తారో కనుక్కుని, ఇరుగుపొరుగులో కోళ్లున్నవాళ్లందరికీ ఆ తేదీ చెప్పండి.