ఎదురుచూపు ఎవరి సొత్తు? - ఒక గూఢచారి సినిమా పాట, దాని నిడివి

ఆ మధ్య ఒక సాహిత్య పాఠశాలలో కథాశిల్పం గురించి మాట్లాడుతూ ఉత్కంఠ ప్రస్తావన తెచ్చాను. ఒక విద్యార్థి లేచి, "సినిమా రాకముందే దాని పాట కోసం, అది ఎన్ని నిమిషాలుంటుందనే కబురు కోసం జనం నెలల తరబడి ఎదురుచూస్తారు గదండీ, అది ఉత్కంఠ కాదా?" అని అడిగాడు. అతని మనసులో ఉన్నది జేమ్స్ బాండ్ చిత్రం ‘నో టైమ్ టు డై’. "అది వ్యాపారం, సాహిత్యానికి సంబంధించింది కాదు" అని నేను దాటవేశాను. అతను కూర్చున్నాడు గాని ఒప్పుకోలేదు. ఇంటికి వచ్చాక ఆలోచిస్తే నా జవాబే తప్పని తోచింది. ఆ పాట వెలువడిన 2020 ఫిబ్రవరిలో నేను కూడా విన్నాను, ఒకటికి రెండుసార్లు. నన్ను కూడా పట్టుకున్న విషయాన్ని సంబంధం లేదని కొట్టిపారేస్తే అది విమర్శ అనిపించుకోదు. ఆ విద్యార్థికి బాకీపడిన సమాధానమే ఈ వ్యాసం.

1

ముందు పాట సంగతి. బాండ్ చిత్రాలకు ప్రారంభగీతం ఒక ఆచారం. 1964లో ‘గోల్డ్‌ఫింగర్’కు షర్లీ బాసీ పాడిన పాటతో ఆ ఆచారం స్థిరపడింది. అప్పటినుంచి కొత్త బాండ్ చిత్రం వస్తుందంటే, పాడేదెవరు అన్న ప్రశ్న కూడా వెంటనే పుడుతుంది. మామూలుగా ప్రకటనకు కంపెనీ డబ్బు ఖర్చు పెడుతుంది. ఇక్కడ తమాషా ఏమిటంటే, ఈ ప్రకటనను జనమే డబ్బిచ్చి కొనుక్కుంటారు. పాట సరుకూ అవుతుంది, మరో సరుకుకు చాటింపూ అవుతుంది.

ఈ ఎదురుచూపును ఎంత జాగ్రత్తగా తయారుచేస్తారో చూడండి. మొదటి చిత్రం ‘డాక్టర్ నో’ లండన్‌లో ప్రదర్శితమైంది 1962 అక్టోబర్ 5న. సరిగ్గా యాభై ఏళ్లకు, 2012 అక్టోబర్ 5న, ‘స్కైఫాల్’ కోసం అడెల్ పాడిన పాటను లండన్ కాలమానం ప్రకారం అర్ధరాత్రి దాటిన 7 నిమిషాలకు విడుదల చేశారు. ఆ 7 గూఢచారి నంబరు 007లోని ఏడు. పాటలో ఏముందో తెలియకముందే, అది వెలువడే నిమిషమే వార్త అయింది.

‘నో టైమ్ టు డై’ విషయంలో ఇది పరాకాష్ఠకు చేరింది. పద్దెనిమిదేళ్ల బిల్లీ ఐలిష్ తన అన్న ఫినియస్‌తో కలిసి రాసి పాడిన పాట 2020 ఫిబ్రవరి 13న వచ్చింది. సినిమా ఏప్రిల్‌లో రావలసింది. కోవిడ్ మూలంగా నవంబరుకు, తర్వాత 2021 ఏప్రిల్‌కు, ఆపైన అక్టోబరు దగ్గరికి వాయిదా పడింది. లండన్‌లో మొదటి ప్రదర్శన జరిగింది 2021 సెప్టెంబర్ 28న. అంటే పాటకూ సినిమాకూ మధ్య పంతొమ్మిది నెలలు పైచిలుకు. ఈలోగా 2021 మార్చిలో, దృశ్యమాధ్యమం కోసం రాసిన పాటల విభాగంలో దానికి గ్రామీ బహుమతి కూడా వచ్చింది. ప్రేక్షకులు ఇంకా చూడని దృశ్యానికి రాసిన పాట అది! ఎదురుచూపు అసలు వస్తువును వదిలి స్వతంత్రంగా బతకగలదని చెప్పడానికి ఇంతకంటె ఉదాహరణ అక్కరలేదు.

2

అసలు బాండ్ బాణీ పుట్టుక మన పాఠకులకు తెలియవలసిన విషయం. లోకమంతా గుర్తుపట్టే ఆ బాణీని కట్టినవాడు మాంటీ నార్మన్. వాద్యాలకు కూర్చినవాడు జాన్ బారీ. స్వరకర్త ఎవరన్న తగాదా కోర్టుదాకా పోయి, 2001లో నార్మన్ పక్షాన తీర్పు వచ్చింది. ఆ స్వరం మొదట గూఢచారి కోసం పుట్టలేదని నార్మనే చెప్పాడు. వి. ఎస్. నైపాల్ 1961 నవల ‘ఎ హౌస్ ఫర్ మిస్టర్ బిస్వాస్’ను రంగస్థలం మీదికి తేవాలనుకున్నప్పుడు అందులోని ఒక పాటకు కట్టిన వరస అది. ఆ నాటకం వెలుగు చూడలేదు. వరస మాత్రం గిటారు మీదికి ఎక్కి బాండ్‌కు చేరింది.

నైపాల్ నవల దేని గురించి? చెరకు తోటల కోసం ట్రినిడాడ్‌కు ఓడలెక్కించిన భారతీయ కూలీల సంతతిలో పుట్టిన ఒకడు సొంత ఇంటి కోసం జీవితమంతా పడిన పాట్ల గురించి. ఆ ఇంటి కోసం కట్టిన స్వరం, ఆ కూలీలను తరలించిన సామ్రాజ్యపు వేగులవాడికి విజయధ్వని అయింది. ఎవరో కుట్రపన్ని చేసిన పని కాదిది. చేతిలో ఉన్న స్వరాన్ని అక్కరకు వాడుకున్నాడంతే. కాని ఒక కళారూపం తన మొదటి మనుషులనుంచి విడివడి మార్కెట్టులో మరొకరి ముఖం తగిలించుకోవడం ఎంత సులభమో దీన్నిబట్టి తెలుస్తుంది. పాట కోసం అర్ధరాత్రిదాకా మేలుకున్న లక్షలాదిమందిలో ఈ సంగతి అడిగినవాళ్లు ఎందరు? నేనైతే అడగలేదు.

3

ఇక నిడివి. అభిమానులు పాట తర్వాత అంత ఆసక్తిగా పట్టించుకున్నది 163 అనే అంకెను. బాండ్ చిత్రాలన్నిటిలో పొట్టిది 2008 నాటి ‘క్వాంటమ్ ఆఫ్ సొలేస్’, 106 నిమిషాలు. అంతకుముందు పొడుగైనది 2015 నాటి ‘స్పెక్టర్’, 148 నిమిషాలు. కొత్తది దానికంటె పావుగంట ఎక్కువ. "అంత కథ ఏముంటుంది? ఎవరి ముగింపు చూపించబోతున్నారు?" అని అంకెలోనుంచి కథ తీయడానికి ప్రయత్నించారు.

నిడివికి అసలు లెక్క వేరే ఉంది. ఫిలిం రోజుల్లో సెకనుకు 24 బొమ్మల చొప్పున, నిమిషానికి 90 అడుగుల 35 మిల్లీమీటర్ల ఫిలిం తిరిగేది. అంటే 163 నిమిషాలకు 14,670 అడుగులు. వెయ్యి అడుగుల రీళ్లయితే పదిహేను. అందుకే మన ఊళ్లలో సినిమాను గంటల్లో కాక రీళ్లలో కొలిచేవాళ్లు. ఇప్పుడు రీళ్లు పోయాయి, ఆటల లెక్క మిగిలింది. హాలు పన్నెండు గంటలు తెరిచి ఉంటుందనుకుందాం. ఆటకూ ఆటకూ మధ్య ప్రకటనలకు, ఊడవడానికి అరగంట వేసుకుందాం. 106 నిమిషాల సినిమా ఒక తెర మీద ఐదు ఆటలు పడుతుంది. 163 నిమిషాలది మూడే. దర్శకుడి కథన స్వేచ్ఛకూ, పెట్టుబడి తిరిగివచ్చే వేగానికీ మధ్య బేరసారాల ఫలితమే ఆ అంకె.

మన ప్రేక్షకుడికి నిడివి భయం లేదు. 1957 ‘మాయాబజార్’ మూడు గంటలు దాటినా విసుక్కోలేదు. 1977 ‘దానవీరశూర కర్ణ’ నాలుగు గంటలకు దగ్గరగా నడిచినా లేచిపోలేదు. మన దగ్గర నిడివిని కత్తిరించే చెయ్యి మరొకటుంది. 2015లో ‘స్పెక్టర్’ భారతదేశానికి వచ్చినప్పుడు సెన్సారువారు ముద్దు దృశ్యాల పొడవును సగానికి తగ్గించమన్నారు. హత్యలు చేసే లైసెన్సు ఉన్నవాడికి ముద్దుకు మాత్రం పరిమితి!

4

ఆ పంతొమ్మిది నెలలూ ఎదురుచూసినవాళ్లు అభిమానులొక్కరే కాదు. 2020 అక్టోబరులో బాండ్ చిత్రం మళ్లీ వాయిదా పడగానే సినీవరల్డ్ సంస్థ అమెరికాలో 536, బ్రిటన్‌లో 127 సినిమాహాళ్లను మూసివేస్తున్నట్టు ప్రకటించింది. దాదాపు 45,000 మంది ఉద్యోగుల మీద ఆ దెబ్బ పడింది. టికెట్లు చించేవాళ్లు, నేల తుడిచేవాళ్లు, పేలాలు అమ్మేవాళ్లు. వాళ్లు పాట కోసం చూడలేదు, హాలు తలుపు ఎప్పుడు తెరుస్తారా అని చూశారు. ఒకే సినిమా కోసం రెండు రకాల నిరీక్షణలు. ఒకదానికి ప్రచారం దొరికింది. రెండోదానికి వ్యాపారపు పేజీలో కొన్ని పంక్తులు దొరికాయి.

5

ఇప్పుడు ఆ విద్యార్థి ప్రశ్నకు వస్తాను. అది కూడా ఉత్కంఠే, కాని పుట్టుక వేరు. రచనలోని ఉత్కంఠ మనుషుల పరిస్థితిలోనుంచి పుడుతుంది. వీడికి ఇల్లు దొరుకుతుందా, ఈమె ఎదురుతిరుగుతుందా అన్న ఆరాటం చదువుతున్నకొద్దీ మనుషులమీద మన ఎరుకను పెంచుతుంది. చదవడం అయిపోయాక కూడా మిగులుతుంది. బయటినుంచి కల్పించే ఉత్కంఠ సమాచారాన్ని దాచిపెట్టడంలోనుంచి పుడుతుంది. పేరు తెలియగానే, అంకె బయటపడగానే ఆరిపోతుంది. వెంటనే ఇంకొకటి దాచాలి.

అయితే అభిమానిని వెక్కిరించడం మన పని కాదు. అరవై ఏళ్ల పాటలను వరసగా గుర్తుపెట్టుకుని, ఇది దానికంటె ఎందుకు బలహీనమో వాదించేవాడిలో విమర్శకుడి తొలి లక్షణాలున్నాయి. పోలిక ఉంది, జ్ఞాపకం ఉంది, పట్టింపు ఉంది. లోపించింది ఒకటే: ఎవరు, ఎవరి కోసం, ఎవరి శ్రమతో అన్న ప్రశ్న. పైగా మనం కూడా ఈ విద్యకు దూరంగా లేము. కథ సగం చెప్పి మిగతాది వెండితెరపై చూడమన్న పాటల పుస్తకాలు మనవే. పాత్రను ప్రమాదంలో వేలాడదీసి ‘సశేషం’ అని రాసిన వారపత్రికల సీరియళ్లు మనవే. నేను కూడా అలాంటిదొకటి రాశాను.

కాబట్టి యువరచయితలకు నా సూచన ఇది. మీ కథలో పాఠకుణ్ణి ఆపదలచుకున్న ప్రతిచోటా ఒకసారి ఆగి చూసుకోండి. ఇక్కడ అతను ఒక మనిషి కోసం ఆగుతున్నాడా, నేను దాచిన ముక్క కోసమా? రెండోదైతే ఆ ముక్కను ముందే చెప్పెయ్యండి. చెప్పాక కూడా కథ నిలబడితే అది కథ. ఈసారి ఆ పాఠశాలకు వెళ్లినప్పుడు ఆ విద్యార్థిని పిలిచి ముందు ఈ సంగతే మాట్లాడతాను.