డబుల్ ప్రమోషన్ ఇస్తామంటే...

డబుల్ ప్రమోషన్ అనగానే మన ఇళ్లల్లో ముందు స్వీట్లు పంచేసి, తర్వాత ఆలోచిస్తాం. "మా మావయ్య మూడు నుంచి ఏకంగా అయిదుకి వెళ్లాడు" అని చెప్పుకునేవాళ్లు ఇంటికొకరుంటారు. ఆ పిల్లాడికి ఆ ఏడాది ఎలా గడిచిందో మాత్రం ఎవరూ చెప్పరు.

మా చిన్నది మూడో తరగతి. అన్నయ్య లెక్కల పుస్తకం అదే చేసేస్తుంది. భిన్నాలు ఎవరూ నేర్పకుండానే దోసె ముక్కలతో పట్టేసింది. వచ్చే జూన్‌లో నాలుగు వదిలేసి అయిదులో కూర్చోబెడదామన్నారు హెడ్‌మిస్ట్రెస్. మా అత్తగారి ఆనందానికి పట్టపగ్గాల్లేవు. నాకేమో గుండెల్లో రాయి పడింది. జూన్‌లో అయిదుకి వెళ్లేది మా పెద్దాడు కూడా! వాడికి లెక్కలంటే అసలే బెదురు. అదే క్లాసులో చెల్లెలు ఫస్టొస్తుంటే వాడి మొహం ఎలా ఉంటుందో ఊహించుకోండి.

అమెరికాలో అయోవా యూనివర్సిటీ పేరుమీద తరగతి దాటించడానికో కొలబద్ద ఉంది. వెళ్లబోయే తరగతిలో తోబుట్టువుంటే వద్దంటుందది. పిల్లకి ఇష్టం లేకపోయినా వద్దనే. ఈ బెంగ నా ఒక్కదానిదే కాదన్నమాట అనుకున్నాను. అలాగని వాళ్లు డబుల్ ప్రమోషన్లకి వ్యతిరేకులేం కారు. 2004లో అక్కణ్నుంచి వచ్చిన నివేదిక, తగిన పిల్లల్ని పట్టి ఆపడమే నష్టమంది. పైకి పంపితే చదువులో రాణిస్తారనీ, మనం భయపడినంతగా స్నేహాలు దెబ్బతినవనీ చెప్పింది.

అయితే మొత్తం తరగతే దాటించాలా? 2006లో ఫీల్డ్స్ మెడల్ అందుకున్న టెరెన్స్ టావ్ ఆస్ట్రేలియాలో ఎనిమిదేళ్లకే హైస్కూల్లో ఉన్నాడు. కానీ అన్నీ ఒకే తరగతిలో చదవలేదు. లెక్కలు పెద్ద పిల్లలతో, ఇంగ్లిషు వాళ్లకంటే చిన్న తరగతిలో. నాకీ పద్ధతి నచ్చింది. మా చిన్నదాని బుర్ర పరిగెత్తినట్టు వేళ్లు పరిగెత్తవు మరి. అయిదో తరగతి సోషల్ నోట్సు రాయాలంటే ఏడుస్తుంది.

"ఏడాది కలిసొస్తుంది కదే, డాక్టరయిపోతుంది" అన్నారు అత్తయ్య. చేరే ఏడాది డిసెంబర్ 31కి 17 ఏళ్లు నిండకపోతే నీట్ రాయనివ్వరు. ముందు పరిగెత్తినా అక్కడ ఆగాల్సి రావచ్చు. పదో తరగతి పరీక్షకీ వయసు నిబంధన ఉంది. ఈ లెక్కలు ఇంట్లో వేసుకునేది తక్కువ.

చివరికి చిన్నదాన్నే అడిగాను. "అక్కడ నా పక్కన ఎవరు కూర్చుంటారమ్మా?" అంది. అంతే, మర్నాడు స్కూలుకి వెళ్లి, అది నాలుగులోనే ఉంటుందనీ, లెక్కల పీరియడ్‌కి మాత్రం అయిదుకి పంపమనీ అడిగాను. పెద్దాడు ఏ సెక్షన్, ఇది వెళ్లేది బీ సెక్షన్. రెండు తరగతుల లెక్కలూ ఒకే పీరియడ్‌లో పెట్టాలంటే టైమ్‌టేబుల్ మార్చాలని హెడ్‌మిస్ట్రెస్ కాస్త గొణిగారు గానీ, ఒప్పుకున్నారు. దసరా సెలవుల ముందు మళ్లీ కూర్చుని మాట్లాడుకుందామన్నారు.