నీల్ డేవిస్: సైనికుల ముఖములు చూపినవాడు

యుద్ధరంగమునుండి టెలివిజన్‌కు వార్తలు పంపిన విలేకరి యొకని జీవితమును ఈ ఆదివారపు ముఖచిత్ర కథనముగా వ్రాయుమని సంపాదకులు ఆదేశించి, గురువారము సాయంకాలమునకు వ్రాతప్రతి తమ బల్లపై నుండవలెనని గడువు విధించినప్పుడు, నా మనస్సు వేరొక పేరువైపు పోక, టాస్మేనియా ద్వీపమున 1934లో జన్మించి, 1985 సెప్టెంబరు 9వ తేదీన బ్యాంకాక్ నగరమున ట్యాంకు గుండు తునకలు తగిలి మరణించిన నీల్ డేవిస్ వద్దనే నిలిచిపోయినది. పేరు సంపాదకులకును సమ్మతమే. ముఖపత్రముపై ఏ చిత్రము ముద్రింపవలెనను విషయముననే మాకు అభిప్రాయభేదము కలిగినది. డేవిస్ నేలకొరగిన పిమ్మటను ఆతని కెమెరా క్రిందపడి నడుచుచునే యుండెను; ఆ కడపటి దృశ్యమును మించి పాఠకుని పట్టి నిలుపునది మరేమున్నదని వారి వాదము. ఆ దృశ్యమును తీసినది డేవిస్ కాదనియు, ఆతనిని దానితో కొలుచుట ఆతని పనికి అన్యాయమనియు నా వాదము.

ఆతని తొలినాళ్లను క్లుప్తముగా చెప్పినను చాలును. వ్యవసాయ కుటుంబమున పుట్టి, టాస్మేనియా ప్రభుత్వ చలనచిత్ర విభాగమున కెమెరా విద్య నేర్చి, పిదప ఆస్ట్రేలియా ప్రసార సంస్థయైన ఏ.బి.సి.లో పనిచేసి, 1964లో విస్‌న్యూస్ సంస్థ పక్షమున సింగపూరు చేరెను. లండన్ కేంద్రముగా నానాదేశముల టెలివిజన్ సంస్థలకు వార్తాచిత్రములు సరఫరా చేయుట ఆ సంస్థ వ్యాపారము. కనుక డేవిస్ తీసిన చిత్రమును కోట్లాది ప్రజలు చూచిరి, డేవిస్ పేరు మాత్రము వారిలో బహుకొద్దిమందికే తెలిసినది. బోర్నియోలో ఇండొనేషియా మలేషియాల ఘర్షణతో మొదలుపెట్టి, వియత్నాము, లావోస్, కంబోడియా దేశముల యుద్ధములను 1975 వరకు వెంబడించెను.

ఆ యుద్ధముల క్రమమిది: 1954లో దియెన్ బియెన్ ఫూ వద్ద ఫ్రెంచివారు ఓడిరి, జెనీవా ఒప్పందముతో వియత్నాము పదునేడవ అక్షాంశము కడ రెండైనది, 1965లో అమెరికా మెరీన్ దళపు సైనికులు దా నాంగ్ తీరమున దిగిరి, 1973లో పారిస్ ఒప్పందమై అమెరికా సేనలు మరలిపోయెను, 1975 ఏప్రిల్ నెలలో ప్నోం పెన్, సైగాన్ నగరములు పదమూడు దినముల వ్యవధిలో పడిపోయెను.

ఇక నేను నిలిచి చెప్పదలచిన విషయమునకు వచ్చుచున్నాను. వియత్నామునకు వచ్చిన పాశ్చాత్య విలేకరులలో అత్యధికులు అమెరికా సేనల వెంట పోవుచుండిరి. అందుకు కారణము స్పష్టమే: వారి ప్రేక్షకులకు తమ బిడ్డల కథ కావలెను, అమెరికా సైన్యము ఆ విలేకరులను హెలికాప్టరులో యుద్ధమునకు తీసికొనిపోయి, మరల సాయంకాలమునకు సైగాన్ హోటలుకు చేర్చుచుండెను. డేవిస్ మాత్రము దక్షిణ వియత్నాము సైనికులతో, కంబోడియా సైనికులతో నడచెను. ఆ యుద్ధమున మరణించిన అమెరికన్లు 58 వేలకు పైబడగా, దక్షిణ వియత్నాము సైనికుల మృతుల సంఖ్య రెండు లక్షలను మించిపోయినది. అయినను లోకము చూచిన యుద్ధచిత్రములలో ఆ సైనికుడు మూలనెక్కడనో కనబడు నీడవంటివాడే. ఆ నీడకు ముఖమునిచ్చినవాడు డేవిస్. తన నేలపై తాను పోరాడుచు, గాయపడినచో పరదేశపు ఆసుపత్రికి గాక తన పల్లెకే తిరిగిపోవలసిన ఆ మనిషి కన్నులలో భయమును, అలసటను, అప్పుడప్పుడు విసుగును ఆతని కెమెరా పట్టి చూపినది.

ఇట్టి చిత్రము తీయుటలోని కష్టమును నేటి పాఠకుడు ఊహింపలేడు. నాడు యుద్ధరంగములలో విరివిగా వాడుకలోనుండిన, కీ ఇచ్చి నడుపు 16 ఎం.ఎం. కెమెరాలో నూరడుగుల ఫిల్ము చుట్ట యొకటి పట్టును. అది రెండు ముప్పాతిక నిమిషములలో ముగియును. ఒకసారి బిగించిన స్ప్రింగు సుమారు అరనిమిషము మాత్రమే నడచును. అనగా గుండ్లు కురియుచుండగా నేలకు కరచుకొనియున్న మనిషి, ఏ క్షణమున మీట నొక్కవలెనో, ఏ క్షణమున విడువవలెనో నిర్ణయించుకొనుచుండవలెను. తొందరపడి నొక్కినవాని ఫిల్ము అసలు ఘట్టమునకు మునుపే అయిపోవును. ఫిరంగి పేలుటను తీయుటకు చప్పుడువైపు తిరిగినచో చాలును. ఆ చప్పుడు విన్న సైనికుని ముఖమును తీయుటకు ముందుగనే ఆతనిని ఎరిగి, ఆతనికి చేరువగా కూర్చుండి, ఆతడు కెమెరాను మరచునంతవరకు ఓర్పు వహింపవలెను. డేవిస్ గొప్పతనమంతయు ఈ ఓర్పులో నున్నదని నాకు తోచుచున్నది. ఆతడు పలుమార్లు గాయపడినమాట నిజమే. అయినను తెగించినవాడన్న పేరుకన్న, పదునొకండేండ్లు ఆ మంటలలో తిరిగి ప్రాణములతో బయటపడిన జాగరూకుడన్న పేరే ఆతనికి తగును.

ఆ జాగరూకతకు పరమనిదర్శనము 1975 ఏప్రిల్ 30. ప్నోం పెన్‌ను అమెరికా హెలికాప్టరులో విడిచి వచ్చిన డేవిస్, సైగాన్‌ను మాత్రము విడువదలపలేదు. అమెరికావారి కడపటి హెలికాప్టరులు వెడలిపోయిన పిదప, అధ్యక్షభవనము యుద్ధసమాప్తికి రంగస్థలము కాగలదని తలచి, ఆతడు ఒంటరిగా ఆ ఆవరణములోనికి పోయి నిలిచెను. ఉత్తర వియత్నాము ట్యాంకులు ఇనుపద్వారములను కూల్చుకొని లోనికి వచ్చుచుండగా, వానికి ఎదురుగా నిలిచి తీసెను. ఆయుధము చేబూని తనవైపు పరుగెత్తివచ్చు సైనికునకు, తాను అమెరికన్‌ను కాననియు, ఆస్ట్రేలియా విలేకరిననియు, సైగాన్‌కు స్వాగతమనియు చెప్పుటకు వియత్నామీ భాషలో మాటలను ముందుగనే వల్లించుకొని యుంచుకొన్నట్లు ఆతడే తరువాత చెప్పెను. ఆ వల్లించుకొన్న మాటలలోనే ఆ మనిషి సమస్తము నాకు కనబడుచున్నది: ఎక్కడ నిలువవలెనో ఎరుగుట, ఎవరెదురగుదురో ఊహించుట, ఎదుటివాని భాషలో ఎదుటివానికి భయము తీర్చుట. చరిత్ర ద్వారము పగులగొట్టుకొని వచ్చువేళ కెమెరాతో ఎదుట నిలిచినవానిని అదృష్టవంతుడందురు. నేను అనను.

ఈ దృశ్యము ప్రక్కన బ్యాంకాక్ దృశ్యమును పెట్టి చూడుడు. థాయిలాండు ప్రధాని ప్రేమ్ తినసూలానోన్ విదేశమున నుండగా, కర్నల్ మనూన్ నాయకత్వమున సైన్యములోని యొక వర్గము ట్యాంకులను వీథులలోనికి నడిపినది. ఆ తిరుగుబాటు ఆ దినముననే అణగిపోయినది. అప్పటికి అమెరికా సంస్థయైన ఎన్.బి.సి.కి పనిచేయుచున్న డేవిస్, శబ్దగ్రాహకుడు బిల్ లాచ్‌తో కూడి చిత్రీకరించుచుండగా, ట్యాంకు కాల్చిన గుండు తునకలకు ఇరువురును బలియైరి. డేవిస్ వయస్సు ఏబదియొక్క సంవత్సరములు. నాటికి ఫిల్ము పోయి వీడియో టేపు వచ్చినది. మీట నొకసారి నొక్కినచో అది ఆపువరకు నడచునే కాని, చేయి విడిచినందున నిలువదు. కీ ఇచ్చు పాత కెమెరాయే అయియుండినచో అరనిమిషములో తానే నిలిచిపోయియుండెడిది. కావున లోకము వింతగా చెప్పుకొను ఆ చిత్రము యంత్రము చేసిన పని. అందు ఎన్నిక లేదు, ఓర్పు లేదు, ఎదుటివాని యెడల శ్రద్ధ లేదు. మనిషి లేని కెమెరా ఎట్లుండునో అదియే అందున్నది. సంపాదకులు చివరకు ఈ వాదమును మన్నించి, ముఖపత్రముపై డేవిస్ సజీవమూర్తినే నిలుపుటకు అంగీకరించిరి. అందులకు వారికి నా కృతజ్ఞతలు.

తన దినచర్య పుస్తకముల తొలిపుటలో డేవిస్ ఏటేట వ్రాసికొనిన పద్యపాదములు, పదునెనిమిదవ శతాబ్దపు ఆంగ్లకవి థామస్ ఆస్బర్ట్ మోర్డాంట్‌వి. 1987లో టిమ్ బౌడెన్ వ్రాసిన డేవిస్ జీవితచరిత్రకు 'వన్ క్రౌడెడ్ అవర్' అను పేరు ఆ పాదములనుండియే వచ్చినది. స్వల్పకాలపు వీరజీవనమును ఆ పద్యము కీర్తించును. పద్యముపై ఆతనికిగల ప్రీతిని నేను కాదనను. అయితే ఆతని ఫిల్ము చుట్టలు మాత్రము దీర్ఘకాలపు సహవాసమునే చాటుచున్నవి.

మన ముంగిటికి రాని యుద్ధము

సైగాన్ పతనమైన దినమున తెలుగుపల్లెలో టెలివిజన్ లేదు. ఉపగ్రహముద్వారా గ్రామములకు బోధనకార్యక్రమములు ప్రసారముచేసిన 'సైట్' ప్రయోగము ఆంధ్రప్రదేశ్‌తో సహా ఆరు రాష్ట్రములలో 1975 ఆగస్టు 1న మాత్రమే ప్రారంభమైనది. మన తండ్రులతరము వియత్నామును పత్రికలలోనే చదివినది. టెలివిజన్ తెరపై మనవారు దినదినము చూచిన మన దేశపు తొలి యుద్ధము 1999 నాటి కార్గిల్.

మరి యిరువురు

1965 ఆగస్టులో కామ్ నే గ్రామమున అమెరికా సైనికులు సిగరెట్టు లైటర్లతో పూరియిండ్లకు నిప్పంటించుటను సి.బి.ఎస్. విలేకరి మోర్లీ సేఫర్ చూపెను. కెమెరా పట్టినవాడు హా థుక్ కాన్ అను వియత్నామీయుడు. బి.బి.సి. విలేకరి మార్టిన్ బెల్ 1992లో సరయేవోలో కెమెరా యెదుటనే గాయపడి, 1997లో స్వతంత్రుడుగా బ్రిటిష్ పార్లమెంటుకు ఎన్నికయ్యెను.

చూడదలచినవారికి

డేవిస్ జీవించియుండగనే డేవిడ్ బ్రాడ్‌బరీ తీసిన 'ఫ్రంట్‌లైన్' అను డాక్యుమెంటరీ ఆస్కార్ బహుమతి పరిశీలనకు నామినేట్ అయినది. అందు డేవిస్ తన చిత్రములను చూపుచు తానే మాటలాడును. బ్యాంకాక్ వీథిలోని కడపటి దృశ్యమును వెదకబోవు పాఠకులు దయయుంచి ముందు దీనిని చూడుడు.