ఖాళీ ఇంటి అమ్మకపు సన్నాహం

నివాసులు లేని ఇంటిని అమ్మకానికి పెట్టే ముందు శుభ్రపరచి, మరమ్మతులు చేయించి, చూడవచ్చేవారికి ఇల్లు సరిగా అర్థమయ్యేలా అమర్చడాన్ని ఖాళీ ఇంటి అమ్మకపు సన్నాహం అనవచ్చు. ఉద్యోగరీత్యా దూర ప్రాంతాలలో, విదేశాలలో స్థిరపడినవారి ఇళ్ళు, తల్లిదండ్రుల అనంతరం వారసులకు సంక్రమించిన ఇళ్ళు తెలుగు రాష్ట్రాలలో తరచుగా తాళం వేసిన స్థితిలోనే అమ్మకానికి వస్తాయి. ఈ సన్నాహం ఉద్దేశం ఇంటి లోపాలను దాచడం కాదు. ఖాళీగా ఉండటం వలన కొత్తగా చేరిన లోపాలను తొలగించి, ఇంటి అసలు స్థితిని చూపించడమే దీని ఉద్దేశం.

నేపథ్యం

అమ్మకం కోసం ఇంటిని ప్రత్యేకంగా అమర్చే పనిని అమెరికాలో "హోమ్ స్టేజింగ్" అంటారు. నాటకానికి రంగస్థలాన్ని సిద్ధం చేయడం అనే అర్థం నుండి ఈ పేరు వచ్చింది. 1970వ దశకంలో వాషింగ్టన్ రాష్ట్రానికి చెందిన బార్బ్ ష్వార్జ్ దీనిని ప్రచారంలోకి తెచ్చారు. తరువాత ఇది ఒక వృత్తిగా స్థిరపడింది. మన ప్రాంతంలో ఈ పేరు వాడుకలో లేకపోయినా, అమ్మే ముందు సున్నం వేయించడం, వాకిలి బాగుచేయించడం పాత అలవాట్లే.

తొలి అభిప్రాయం

తొలి అభిప్రాయంపై ప్రసిద్ధమైన ప్రయోగాన్ని మనస్తత్వ శాస్త్రవేత్త సోలమన్ ఆష్ 1946లో ప్రచురించాడు. ఒక వ్యక్తిని గురించి "తెలివైనవాడు, శ్రమజీవి" అని మొదలై "మొండివాడు, అసూయాపరుడు" అని ముగిసే జాబితాను కొందరికి, అదే జాబితాను తిరగవేసి మరికొందరికి వినిపించారు. మంచి గుణాలు ముందుగా విన్నవారికి ఆ వ్యక్తిపై మెరుగైన అభిప్రాయం కలిగింది. ఇది మనుషులను గురించిన ప్రయోగమే అయినా, ఇల్లు చూసేవారి అనుభవం కూడా దీనికి దగ్గరగానే ఉంటుంది. తలుపు తీయగానే ముక్క వాసన వస్తే, ఆ తరువాత కనిపించే ప్రతి చిన్న పగులూ పెద్దదిగా తోస్తుంది.

ఖాళీ ఇంటిలో ఏర్పడే సమస్యలు

వాడకం లేకపోవడమే ఖాళీ ఇంటికి ప్రధాన శత్రువు.

దుర్వాసన: స్నానాలగది, వంటగది తూముల కింద గొట్టం వంపు తిరిగిన చోట కొంత నీరు నిలిచి ఉంటుంది. మురుగు వాయువు, బొద్దింకలు పైకి రాకుండా ఆ నీరే అడ్డుపడుతుంది. కొన్ని వారాలు ఎవరూ నీళ్ళు పోయకపోతే అది ఆవిరై, ఇల్లంతా మురుగు వాసన వ్యాపిస్తుంది. ప్రతి తూములోను రెండు చెంబుల నీళ్ళు పోస్తే ఈ సమస్య తీరుతుంది.

నీరు: ఇనుప గొట్టాలలో చాలాకాలం నిలిచిన నీరు తుప్పు రంగుతో వస్తుంది. ట్యాంకు కడిగించి, కుళాయిలన్నీ నీరు తేటగా వచ్చేవరకు వదలాలి. మూత లేని తొట్టిలో నీరు నిలిస్తే, వేడి వాతావరణంలో వారం పది రోజులలోనే గుడ్ల నుండి దోమలు తయారవుతాయి.

చెమ్మ: డాబాపై నీరు పోయే గొట్టంలో ఎండుటాకులు అడ్డుపడితే, వాననీరు నిలిచి పైకప్పులోకి దిగుతుంది. గోడలపై తెల్లని ఉప్పు పేరుకొని రంగు పొక్కులుగా లేస్తుంది. కారణాన్ని సరిచేసి, గోడ పూర్తిగా ఆరిన తరువాతనే రంగు వేయించాలి. లేనిచో కొత్త రంగు కూడా త్వరలోనే ఊడిపోతుంది.

చెదలు: కదలిక లేని ఇంటిలో ద్వారబంధాలకు, గోడ అలమరాలకు పట్టిన చెదలు ఆలస్యంగా బయటపడతాయి. చెక్కను తట్టినపుడు డొల్ల శబ్దం వస్తే లోపల పరీక్షించాలి.

సిద్ధపరచే క్రమం

మొదట మరమ్మతులు, తరువాత శుభ్రత, చివరగా అమరిక అనే వరుస పాటిస్తే ఖర్చు వృథా కాదు.

వాకిలి: చూడవచ్చినవారు తాళం తీసేవరకు గేటు వద్దనే నిలబడతారు. పిచ్చిమొక్కలు తీసివేయడం, కిర్రుమనే గేటుకు నూనె వేయడం, ఎండిపోయిన పాత తోరణాన్ని, పేరుకున్న ఉత్తరాలను తొలగించడం తక్కువ ఖర్చుతో అయ్యే పనులు. ఊడ్చి ముగ్గు వేసిన వాకిలి ఆ ఇంటిని ఎవరో కనిపెట్టుకొని ఉన్నారని తెలుపుతుంది.

గాలి, వెలుతురు: చూపించడానికి ముందు కొన్ని రోజులపాటు కిటికీలు తెరచి ఉంచాలి. అగరువత్తులతో వాసనను కప్పివేయబోతే చూసేవారికి అనుమానమే కలుగుతుంది. విద్యుత్ కనెక్షన్ ఉంచి, ప్రతి గదిలోను దీపం వెలిగేలా చూడాలి. ఎండ బాగా వచ్చే వేళను ఎంచుకోవడం మంచిది.

గదుల పరిమాణం: సామాను లేని గదిని చూసి అందులో ఏమి పడుతుందో ఊహించడం కష్టం. 10 అడుగుల వెడల్పు, 12 అడుగుల పొడవు గల గది వైశాల్యం 120 చదరపు అడుగులు. 5 అడుగుల వెడల్పు, ఆరున్నర అడుగుల పొడవు గల మంచం అందులో నాలుగో వంతుకు కాస్త ఎక్కువ స్థలం మాత్రమే తీసుకుంటుంది. ఒక్క మంచం వేసి ఉంచితే ఈ లెక్క కంటికే తెలుస్తుంది. తెరలు, చాపలు వేస్తే ఖాళీ గదిలో ప్రతిధ్వని కూడా తగ్గుతుంది.

ఛాయాచిత్రాలు: కంప్యూటరు సహాయంతో ఖాళీ గది చిత్రంలో సామాను చేర్చే పద్ధతి కూడా ఉంది. అట్టి చిత్రం కల్పితమని తెలియజేయాలి. గోడపై పగులును, మరకను చిత్రంలో చెరిపివేయడం మోసమవుతుంది.

ప్రయోజనం ఎంత?

లేన్, సీలర్, సీలర్ అనే పరిశోధకులు 2015లో "జర్నల్ ఆఫ్ హౌసింగ్ రీసెర్చ్" పత్రికలో అమెరికాలోని ఇళ్ళ కొనుగోలుదారులపై ఒక అధ్యయనం ప్రచురించారు. గోడల రంగు, సామాను అమరిక ఇంటిపై కలిగే అభిప్రాయాన్ని మార్చాయి కాని, కొనుగోలుదారులు కట్టిన విలువను చెప్పుకోదగినంతగా మార్చలేదని అందులో తేలింది. కనుక ధర పెరుగుతుందనే ఆశతో అలంకరణకు అప్పు చేయడం వివేకం కాదు. వాసన, చెమ్మ, నీటి సమస్యల వలన కొనేవారు గుమ్మంలోనే వెనుదిరగకుండా చూడటమే ప్రధానం.

చట్టపరమైన హద్దు

అమ్మేవారి బాధ్యతలను ఆస్తి బదిలీ చట్టం, 1882లోని 55వ సెక్షన్ తెలుపుతుంది. వేరే ఒప్పందం లేనపుడు, తనకు తెలిసియుండి, కొనేవారికి తెలియని, సాధారణ జాగ్రత్తతో వారు కనుగొనలేని ముఖ్యమైన లోపాన్ని అమ్మేవారు వెల్లడించాలి. ఇది ఆస్తికి, హక్కుకు రెండింటికీ వర్తిస్తుంది. అట్లు వెల్లడించకపోవడాన్ని ఈ సెక్షన్ మోసపూరితమని పేర్కొంటున్నది. ఉదాహరణకు, గోడ లోపలి గొట్టం కారుతున్నదని తెలిసి కూడా పైన పలకలు అతికించి అమ్మడం సన్నాహం కాదు. ఆ గొట్టాన్ని మార్పించడమో, సంగతి చెప్పి ధర తగ్గించుకోవడమో చేయాలి.

కొనేవారు కూడా ముస్తాబుకు మురిసిపోక, వీలైతే వాన కురిసిన తరువాత మరొకసారి ఇల్లు చూడటం, లింకు దస్తావేజులు, ఇ.సి., పన్ను రసీదులు పరిశీలించడం మంచిది. అమ్మేవారు ఈ పత్రాలను ముందే ఒకచోట చేర్చి ఉంచితే, ఇంటిపై కలిగిన తొలి అభిప్రాయం నమ్మకంగా మారుతుంది.

ఇవి కూడా చూడండి

ఆస్తి బదిలీ చట్టం, 1882
దస్తావేజుల రిజిస్ట్రేషన్
చెదపురుగు