వెలుగు గోరంత... వేడి కొండంత!

గుండు బల్బు మన ఇళ్లలోంచి దాదాపు వెళ్లిపోయింది. కరెంటు తెగ తినేస్తోందన్నది దానిమీద నేరం. మరి తిన్న కరెంటునంతా అది ఏం చేసినట్టు? ఆ సంగతి చిత్తూరు పల్లెల్లోని కోడిపిల్లలకు బాగా తెలుసు!

ఊక పరిచిన షెడ్డు. ఊకమీద పాత వార్తాపత్రికలు, వాటిమీద మొక్కజొన్న నూక. చుట్టూ అడుగున్నర ఎత్తున రేకు కంచె. మధ్యలో బోర్లించిన తట్టలా వేలాడే రేకు గొడుగు, దానికింద నాలుగైదు గుండు బల్బులు. ఆ వెలుగులో కిచకిచలాడుతూ రెండు రోజుల కోడిపిల్లలు... కోళ్ల పెంపకానికి పేరుపడ్డ చిత్తూరు చుట్టుపక్కల పల్లెల్లో ఏళ్ల తరబడి కనిపించిన దృశ్యమిది. లెక్క కూడా తేలికే. చలికాలంలో పిల్లకు రెండు వాట్లు. 250 పిల్లలుంటే 500 వాట్లు. అంటే వంద వాట్ల బల్బులు ఐదు!

గుడ్డులోంచి అప్పుడే బయటపడ్డ పిల్లకు ఒంట్లో వేడిని నిలుపుకునే శక్తి ఉండదు. నూగు తప్ప ఈకలుండవు. మొదటి వారం దానికి 35 డిగ్రీల వెచ్చదనం కావాలి. ఆ తర్వాత వారానికి మూడు డిగ్రీల చొప్పున తగ్గిస్తూ పోవచ్చు. థర్మామీటరు లేకపోయినా ఫర్వాలేదు, పిల్లలే చెబుతాయి. ఒకదాన్నొకటి తోసుకుంటూ బల్బుకింద గుంపుకడితే చలేస్తోందని అర్థం. నోళ్లు తెరిచి రొప్పుతూ కంచెవైపు జరిగితే వేడి ఎక్కువైనట్టు. అంతటా సమంగా పరుచుకుని మేత తింటుంటే అంతా బాగున్నట్టు. గొడుగును జానెడు పైకి లాగడమో కిందికి దించడమో... వైద్యమంతా అంతే.

మరి ఆ ఐదు బల్బులూ తీసేసి, అంతే వెలుగిచ్చే ఎల్‌ఈడీలు పెడితే? వెలుగేమీ తగ్గదు. పిల్లలు మాత్రం చలికి వణికిపోతాయి. ఎందుకంటే అక్కడ బల్బు చేసేది దీపం పని కాదు, తల్లికోడి పని!

దీపం కాదు... కుంపటి

కొలిమిలో పెట్టిన ఇనుప కడ్డీని చూడండి. మొదట వేడెక్కుతుందే తప్ప వెలగదు. వేడి 500 డిగ్రీలు దాటాక మసక ఎరుపు వస్తుంది. ఇంకా కాలిస్తే నారింజ, ఆపైన పసుపు. గుండు బల్బు సూత్రం సరిగ్గా ఇదే. కొలిమి బదులు కరెంటు, ఇనుము బదులు టంగ్‌స్టన్ తీగ. తల వెంట్రుక కన్నా సన్నగా ఉండే ఆ తీగను చుట్టమీద చుట్టగా చుట్టి గాజుబుడ్డిలో బిగిస్తారు. మన 60 వాట్ల బల్బులోని తీగను విప్పి సాగదీస్తే దాదాపు మీటరు పొడవుంటుంది. స్విచ్ వేయగానే క్షణంలో పదోవంతు గడిచేలోగా అది సుమారు 2,400 డిగ్రీలకు చేరుతుంది.

అంత వేడి కూడా చాలదు. సూర్యుడి ఉపరితలం 5,500 డిగ్రీల దగ్గర ఉంటుంది కాబట్టే అంత తెల్లటి వెలుగు. 2,400 డిగ్రీల దగ్గర తీగలోంచి వచ్చే కిరణాల్లో అత్యధికం మన కంటికి కనపడని పరారుణ కిరణాలు. అంటే వేడి. వంద పైసల కరెంటు పోస్తే వెలుగుగా మారేది ఐదు పైసలంత. మిగతాదంతా కుంపటి సెగే! పోనీ ఇంకా వేడిచేద్దామంటే టంగ్‌స్టన్ 3,422 డిగ్రీల దగ్గర కరిగిపోతుంది. కరగడం దాకా పోనక్కర్లేదు, అంతకు చాలా ముందే ఆవిరై తీగ చిక్కిపోతుంది. పాత బల్బు లోపల నల్లగా పట్టే మసి అదే... తీగలోంచి ఎగిరిపోయిన టంగ్‌స్టన్.

బల్బులు ఎక్కువగా స్విచ్ వేసినప్పుడే ఎందుకు మాడిపోతాయన్నది చాలామంది సందేహం. చల్లగా ఉన్న తీగ కరెంటును అడ్డుకునే శక్తి, కాలిన తీగతో పోలిస్తే పదోవంతు కూడా ఉండదు. అందుకే మొదటి క్షణంలో పదింతలకు పైగా కరెంటు ఒక్కసారిగా దూకుతుంది. అప్పటికే చిక్కిపోయిన తీగ ఆ దెబ్బకు తట్టుకోలేదు.

నూలుదారంతో మొదలు

బల్బు అనగానే ఎడిసన్ పేరే చెబుతాం. కానీ 1802లోనే హంఫ్రీ డేవీ ప్లాటినం రేకులోంచి కరెంటు పంపి వెలిగించి చూపించాడు. 1879 ఫిబ్రవరిలో ఇంగ్లండులోని న్యూకాజిల్‌లో జోసెఫ్ స్వాన్ కార్బన్ దీపాన్ని నలుగురి ముందు వెలిగించాడు. అదే ఏడాది అక్టోబరులో ఎడిసన్ ప్రయోగశాలలో, బొగ్గుగా మార్చిన నూలుదారం పదమూడున్నర గంటలు వెలిగింది. ఆ తర్వాత జపాన్ వెదురు నారతో ఆయన బల్బు 1,200 గంటల దాకా నిలిచింది. నల్లజాతి ఆవిష్కర్త లూయిస్ లాటిమర్ 1882లో కార్బన్ తీగల తయారీని మెరుగుపరిచి పేటెంటు పొందాడు. 1910 ప్రాంతంలో విలియం కూలిడ్జ్ పెళుసైన టంగ్‌స్టన్‌ను సన్నటి తీగగా లాగే కిటుకు కనిపెట్టాడు. 1913లో ఇర్వింగ్ లాంగ్‌మ్యూర్ బుడ్డిలో గాలి తీసేసి ఊరుకోకుండా జడవాయువు నింపి, తీగ ఆవిరి కావడాన్ని తగ్గించాడు.

అన్నట్టు, మనం బల్బును నొక్కి, కాస్త తిప్పి హోల్డరులో పెడతాం కదా... అది బ్రిటిష్ వారు అలవాటు చేసిన పద్ధతి. అమెరికాలో ఎడిసన్ మర బల్బే వాడుక.

బంగారం కోసం వచ్చిన వెలుగు

కరెంటు ఈ సీమ పొరుగుకు ఇళ్లకోసం రాలేదు, బంగారం కోసం వచ్చింది. 1902లో మైసూరు సంస్థానం కావేరిమీద శివసముద్రం దగ్గర జలవిద్యుత్తు తీసి, 147 కిలోమీటర్ల లైను వేసి కోలారు బంగారు గనులకు పంపింది. ఆనాటికి అది ప్రపంచంలోనే చాలా పొడవైన లైన్లలో ఒకటి. బెంగళూరు వీధుల్లో కరెంటు దీపాలు వెలిగింది కూడా ఆ తర్వాతే... 1905లో! గనులున్న ఊరు కుప్పం సరిహద్దుకు పక్కనే. ఆ బంగారు రాతిపొర కుప్పం ప్రాంతంలోని బిసానత్తం, చిగరగుంట దాకా సాగింది. చిత్తూరు జిల్లా పుట్టింది 1911లో. అంటే జిల్లా కన్నా ముందే దాని గుమ్మం దాకా కరెంటు వచ్చేసిందన్నమాట. గుమ్మం దాటి పల్లెపల్లెకూ చేరడానికి మాత్రం దశాబ్దాలు పట్టింది.

ఆ బల్బుతోపాటే కొత్త మాటలూ వచ్చాయి. తొలినాళ్లలో బల్బు శక్తిని కొవ్వొత్తుల వెలుగుతో కొలిచేవారు. వాట్లు వచ్చాక కూడా మన పెద్దలు 'నలభై క్యాండిల్ బల్బు' అనడం మానలేదు. పడగ్గదిలో వెలిగే 'జీరో బల్బు' నిజానికి సున్నా కాదు, 15 వాట్ల దాకా లాగేది!

ఆరింటికి ఎర్రబల్బు

ఒకప్పుడు సాయంత్రం ఆరయ్యేసరికి పల్లెల్లో బల్బులు నిప్పుకణికల్లా ఎర్రబడేవి. పిల్లలు పుస్తకాన్ని బల్బు కిందికి జరుపుకొనేవారు. దీని వెనక ఉన్న లెక్క విచిత్రమైనది. వోల్టేజి 230 నుంచి 170కి పడిపోతే తగ్గింది నాలుగోవంతే. కానీ వెలుగు మూడోవంతుకు పడిపోతుంది! తీగ కాస్త చల్లబడినా వెలుగు అంతకు ఎన్నో రెట్లు తగ్గుతుంది మరి. అలా మసగ్గా వెలిగే బల్బు మాత్రం ఏళ్లతరబడి మాడేది కాదు. వోల్టేజి ఐదు శాతం తగ్గితే బల్బు ఆయుష్షు దాదాపు రెట్టింపవుతుంది. వెలుగు, ఆయుష్షు... రెండూ కావాలంటే కుదరదు. 1924లో పెద్ద కంపెనీలన్నీ జెనీవాలో జట్టుకట్టి, బల్బు వెయ్యి గంటలకు మించి వెలగకూడదని నిర్ణయించుకున్నాయి. వెలుగు బాగుంటుందన్నది వాళ్లు చెప్పిన కారణం. అమ్మకాలు పెరగాలన్నది చెప్పనిది.

వోల్టేజి తగ్గితే ఇళ్లలో చదువు ఆగేది. కోళ్ల షెడ్డులో ప్రాణాలే పోయేవి. పూర్తిగా కరెంటు పోయిన చలిరాత్రి పిల్లలన్నీ ఒక మూలకు చేరి ఒకదానిమీదొకటి ఎక్కుతాయి. చలికి కాకపోయినా అడుగున పడ్డవి ఊపిరాడక చనిపోతాయి. అందుకే షెడ్డులో బొగ్గుల కుంపటి ఎప్పుడూ సిద్ధంగా ఉండాల్సిందే. పెద్ద ఫారాలు క్రమంగా గ్యాస్ బ్రూడర్లకు మారడానికి ఇదీ ఒక కారణం.

చామంతికి చిన్న సూర్యుడు

కుప్పం వైపు రాత్రిపూట వెళ్తే చామంతి తోటల్లో బల్బుల వరసలు పెళ్లిపందిరిలా కనిపిస్తాయి. అది అలంకారం కాదు, వ్యవసాయం. రాత్రి పొడవు పెరిగితేనే చామంతి మొగ్గ తొడుగుతుంది. మొక్క ఎదగకముందే మొగ్గేస్తే దిగుబడి రాదు. అందుకే లేతప్రాయంలో రాత్రిళ్లు దీపాలు పెట్టి, 'ఇంకా పొద్దుపోలేదు' అని మొక్కను నమ్మిస్తారు. ఆకులోని ఫైటోక్రోమ్ అనే పదార్థం ఎర్ర వెలుగును పసిగడుతుంది. గుండు బల్బులో దండిగా ఉండేదీ ఆ ఎరుపే. అయితే ఇక్కడ కావాల్సింది వెలుగే కానీ వేడి కాదు. కాబట్టి ఈ పనిలో ఎల్‌ఈడీ దాన్ని ఓడించింది.

అటు నష్టం... ఇటు లాభం

ఎల్‌ఈడీ వెలగడానికి దేన్నీ కాల్చనక్కర్లేదు. అర్ధవాహకంలో ఎలక్ట్రాన్లు ఒక మెట్టు దిగుతూ ఆ శక్తిని నేరుగా వెలుగుగా వదులుతాయి. తెల్లని వెలుగుకు దారిచూపిన నీలి ఎల్‌ఈడీని సాధించిన ముగ్గురు శాస్త్రవేత్తలకు 2014లో నోబెల్ దక్కింది. మన దేశంలో 2015 జనవరి 5న ఉజాలా పథకం మొదలైంది. ప్రభుత్వం కొనే ఎల్‌ఈడీ ధర 2014లో 310 రూపాయలుంటే 2016కి 38కి దిగింది. ఈ పథకంలో పంచినవి 36 కోట్లకు పైనే.

సామాన్యుడి లెక్క చూద్దాం. 60 వాట్ల బల్బులు మూడు, రోజుకు ఐదు గంటలు వెలిగితే నెలకు 27 యూనిట్లు. అదే తొమ్మిది వాట్ల ఎల్‌ఈడీలైతే నాలుగు! బిల్లొక్కటే కాదు. సాయంత్రం ఊరంతా ఒకేసారి వెలిగించే దీపాల బరువు లైనుమీద తగ్గితే వోల్టేజీ నిలబడుతుంది. నిజానికి ఆరింటికి గుండు బల్బును ఎర్రబరిచిన వాళ్లలో పక్కింటి గుండు బల్బూ ఒకటి.

కాబట్టి నడింట్లో దాని కాలం చెల్లింది, చెల్లడమే మంచిది. కానీ మోటారు రిపేరు షాపులో అనుమానపు వైండింగును పరీక్షించే సిరీస్ లైనులో వంద వాట్ల బల్బు ఇంకా కాపలా కాస్తోంది. షార్టుంటే అది భగ్గున వెలిగి, ఫ్యూజును కాపాడి, లోపం చూపిస్తుంది. గ్యాస్ బ్రూడరు కొనలేని చిన్న రైతు పెరట్లో, గంపకింద పాతిక పిల్లలకు రాత్రంతా ఒళ్లు వెచ్చబెడుతోంది.

నూరు పైసల్లో ఐదు పైసల వెలుగిచ్చినందుకు ఇల్లు దాన్ని వద్దంది. మిగతా తొంభై ఐదు పైసలూ కావాల్సినవాళ్లు మాత్రం గంపకింద రెక్కలు రాని ప్రాయంలో ఉన్నారు!