గీత కనబడుతుంది, దెబ్బ కనబడదు

ఆకుపచ్చ నంబరు పలకగల కార్లు ఇప్పుడు చిన్న పట్టణాల్లో కూడా తిరుగుతున్నాయి. అవి కరెంటుతో నడిచేవని ఆ పలకే గుర్తు. పెండ్లి మండపం ముందో, ఆసుపత్రి ఆవరణలోనో నిలిపిన బండిని ఎవరో గుద్ది, చెప్పకుండా వెళ్లిపోవడం మాత్రం పాత సంగతే. సొట్ట చూసి నిట్టూర్చి, చేతిలో డబ్బు ఆడినప్పుడు బాగుచేయించుకుంటాం. కరెంటు కారు విషయంలో అలా ఊరుకోకూడదు.

ఎందుకంటే, ఈ కార్లలో చాలా వాటికి పెద్ద బ్యాటరీ సీట్ల అడుగున, నేల భాగంలో ఉంటుంది. తలుపు మీద గీత పడితే రంగుతో పోతుంది గాని, అడుగు భాగం నొక్కుకుపోతే పైకి కనబడదు. లోపల దెబ్బ తిన్న లిథియం బ్యాటరీ వెంటనే కాక, గంటలు, ఒక్కోసారి రోజులు గడిచాక కూడా అంటుకోవచ్చు. అందులో మన పిల్లలు కూర్చుంటారు.

కాబట్టి ముందుగా వంగి అడుగు భాగం చూడండి. పొగ, బుసకొట్టే శబ్దం, వింత వాసన ఉంటే అందరినీ దూరంగా పంపి, 101కు ఫోను చేయండి. నారింజ రంగు తీగలను ముట్టుకోకండి. వాటిలో ప్రాణం తీసే కరెంటు ఉంటుంది. అడుగున దెబ్బ ఉన్నా, హెచ్చరిక దీపం వెలిగినా, ఛార్జింగు మూత పగిలినా, కంపెనీ మెకానిక్కు చూసేవరకు ఛార్జింగు పెట్టకండి, ఇంటి గోడకు ఆనించి నిలపకండి. బండిని తాడు కట్టి లాగించవద్దు. నాలుగు చక్రాలూ పైకెక్కించి తీసుకుపోయే బండినే పిలవండి.

తరువాత ఫోటోలు తీయండి. పక్క బండి రంగు అంటిందేమో చూడండి. కాపలా మనిషిని అడగండి. కెమెరా ఉంటే ఆ రోజే అడగండి, పాత దృశ్యాలు చెరిగిపోతాయి. పోలీసు ఠాణాలో ఫిర్యాదు ఇచ్చి, బీమా కంపెనీకి వెంటనే తెలపండి. వారు చూడకముందే రిపేరు చేయించకండి. మూడో వ్యక్తి బీమా ఒక్కటే ఉంటే మీ బండికి పైసా రాదు, సొంత నష్టానికి కూడా బీమా కట్టి ఉండాలి. క్లెయిము చేస్తే మరుసటి ఏటి రాయితీ పోతుంది గనుక, చిన్న గీతకైతే రెండూ లెక్క వేసుకోండి.

ఇక గుద్దినవారి సంగతి. పరుల ఆస్తికి నష్టం చేసిన డ్రైవరు, అక్కడ పోలీసులు లేకపోతే, 24 గంటలలోగా ఠాణాలో తెలపాలని 1988 నాటి మోటారు వాహనాల చట్టం, 134వ సెక్షను చెబుతుంది. తప్పితే 6 నెలల వరకు జైలు, లేదా 5,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. 2019లో ఈ శిక్షను పెంచారు.

అయినా చట్టానికి భయపడి కాదు, ఎదుటివాని ఇల్లు తలచుకొని ఆగండి. మీ ట్రాక్టరు ట్రక్కు వెనక్కి వచ్చి ఏ కారుకైనా తగిలితే, యజమాని వచ్చేదాకా ఉండండి. వీలుకాకపోతే పేరు, ఫోను నంబరు, ఎక్కడ తగిలిందో చీటీ రాసి అద్దానికి పెట్టి, ఠాణాలో చెప్పండి. ఎక్కడ తగిలిందో తెలిస్తేనే మెకానిక్కు అక్కడ చూడగలడు. ఆ చీటీ వల్ల మీకు కొంత ఖర్చు కావచ్చు, అది లేకపోతే ఒక కుటుంబం ప్రమాదం మీదే కూర్చొని ప్రయాణం చేయవచ్చు.